110 హైదరాబాద్ స్క్వాడ్రన్: కూలిన బాంబర్ పైలట్ వివరాలు వెతకడం ఎలా

బ్రిటిష్ వాయుసేన (ఆర్ఏఎఫ్)లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న స్క్వాడ్రన్లు, అంటే విమాన దళాలు, మూడు. 110కీ 152కీ హైదరాబాద్ అని, 253కి హైదరాబాద్ స్టేట్ అని పేరు. రెండో ప్రపంచ యుద్ధంలో 152 వాళ్లు స్పిట్‌ఫైర్లు, 253 వాళ్లు హరికేన్లు నడిపారు. రెండూ ఫైటర్లే. బాంబర్లు నడిపింది 110 వాళ్లు. 110, 152 రెండూ తర్వాత బర్మా యుద్ధంలో పనిచేశాయి, అందుకే ఒకదాని మనిషిని ఇంకోదాని లెక్కలో రాసేస్తుంటారు. వెతకబోయే ముందు నంబరు సరిచూసుకోండి. ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న మాట ఒక్కటే చాలదు.

పేరు చూసి మనవాళ్లే నడిపారనుకోవడం ఇంకో పొరపాటు. పేరుకు కారణం డబ్బు. 1918లో 110 స్క్వాడ్రన్‌కు వచ్చిన మొదటి డీహెచ్ 9ఏ విమానాలు నిజాం కానుక. ఇది నిజాం ఇచ్చినదని ఒక్కో విమానం మీదా రాసి ఉండేది. ఆ డబ్బు దివానీ (సర్కారు) ఖజానాదైనా, సర్ఫ్-ఎ-ఖాస్ (నిజాం సొంత భూముల ఆదాయం) నుంచి వచ్చినదైనా అడుగున ఉన్నది ఎక్కువగా రైతు కట్టిన భూమి శిస్తే. నడిపినవాళ్లు మాత్రం బ్రిటన్, దాని డొమినియన్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు. ఆ విమానాల్లో ఒకటి, ఎఫ్ 1010, ఇప్పటికీ ఉంది. 1918 అక్టోబర్ 5న అది జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియం నుంచి పోలండ్ చేరి, 1977లో మార్పిడి కింద బ్రిటన్‌కు తిరిగొచ్చి, ఆర్ఏఎఫ్ మ్యూజియంలో నిలిచింది. నిజాం కానుక అన్న రాత దాని మీద ఈనాటికీ చదవొచ్చు.

రెండో యుద్ధంలో 110 స్క్వాడ్రన్ పేరు మొదట వినబడేది 1939 సెప్టెంబర్ 4న, యుద్ధం ప్రకటించిన మర్నాడు. పొద్దున ఫొటోలు తీయడానికి వెళ్లిన 139 స్క్వాడ్రన్ బ్లెన్‌హీమ్ (రెండింజన్ల చిన్న బాంబర్) జర్మన్ యుద్ధనౌకలను చూసింది, కానీ దాని వైర్‌లెస్ కబురు సరిగా అందలేదు. విమానం తిరిగొచ్చి దిగేదాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా మబ్బు కిందికి దిగింది. ఎత్తు నుంచి వేయాల్సిన కవచం ఛేదించే బాంబులు ఇక పనికిరావని వాటిని దించి, 11 సెకన్లు ఆగి పేలే ఫ్యూజుతో 500 పౌండ్ల మామూలు బాంబులు ఎక్కించారు. 107, 110, 139 స్క్వాడ్రన్ల నుంచి ఐదేసి చొప్పున 15 బ్లెన్‌హీమ్‌లు సాయంత్రం లేచాయి. 139 వాళ్లకు లక్ష్యం దొరకనే లేదు.

ఆ 11 సెకన్ల సంగతి పట్టుకుంటేనే మిగతాదంతా అర్థమవుతుంది. తక్కువ ఎత్తు నుంచి వేసిన బాంబు తగలగానే పేలితే వేసిన విమానమే చెల్లాచెదురవుతుంది. గంటకు 200 మైళ్లతో పోయే విమానం సెకనుకు సుమారు 90 మీటర్లు, 11 సెకన్లలో దాదాపు కిలోమీటరు పోతుంది. ముందు విమానం బయటపడ్డట్టే. కానీ దాని వెనకే వచ్చినవాడు ఆ పేలుడు మీదికే వస్తాడు. కాబట్టి అందరూ 11 సెకన్లలోపే వేసి దాటిపోవాలి, లేదా వేర్వేరు దిక్కుల నుంచి రావాలి. 110 వాళ్లు ఫ్లైట్ లెఫ్టినెంట్ డోరన్ వెంట ముందుగా, నౌకల మీద ఎవరూ అనుకోని సమయంలో పడ్డారు. జర్మన్ యుద్ధనౌక అడ్మిరల్ షీర్ మీద మూడు బాంబులు తగిలినా ఒక్కటీ పేలలేదు. ఆ తర్వాత వచ్చిన 107 వాళ్లకు తుపాకులన్నీ సిద్ధంగా ఎదురయ్యాయి. 107 ఐదింటిలో నాలుగు పోగొట్టుకుంది, 110 ఒకటి. ధైర్యంలో తేడా వల్ల వచ్చిన లెక్క కాదిది, వరుసలో ఎవరు ముందన్నదే తేడా.

110 పోగొట్టుకున్న ఆ ఒక్క విమానం ఎన్ 6199, పైలట్ ఫ్లయింగ్ ఆఫీసర్ ఎమ్డెన్. అదే దాడిలో ఒక బ్లెన్‌హీమ్ జర్మన్ క్రూయిజర్ ‘ఎమ్డెన్’ ముందుభాగం మీద కూలింది. (1914 సెప్టెంబర్‌లో మద్రాసు మీద గుళ్లు కురిపించిన ఎమ్డెన్ ఇది కాదు. అది ఆ ఏడాదే పోయింది, దాని పేరే దీనికి పెట్టారు.) ఎమ్డెన్ మీద ఎమ్డెనే కూలాడని చాలాచోట్ల చదువుతాం. వినడానికి భలేగా ఉంటుంది, అందుకే అనుమానించాలి. ఆ రోజు కూలినవి ఐదు, వాటిలో నాలుగు 107వి. పేరు కలిసినంత మాత్రాన కథ తేలదు. విమానం నంబరు, కూలిన చోటు, సమయం మూడూ పక్కపక్కన పెట్టాకే ఒప్పుకోవాలి.

ఇక వెతకడం. మొదట కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఇంటిపేరు, సర్వీసు, ఏడాది పెట్టి చూడండి. హోదా, స్క్వాడ్రన్, చనిపోయిన తేదీ, సమాధి లేదా స్మారకం వస్తాయి. హోదా చూసి తొందరపడొద్దు. 1940 మధ్యదాకా వెనక తుపాకీ పట్టిన మనిషి ఎయిర్‌క్రాఫ్ట్‌మన్ హోదాలోనే ఉండొచ్చు, ఆ తర్వాతే విమానంలో ఎగిరే ప్రతివాడికీ కనీసం సార్జెంట్ హోదా ఇచ్చారు. 1939 జాబితాలో ఆ చిన్న హోదా కనబడితే మెకానిక్ అని తీసేయకండి. బ్లెన్‌హీమ్‌లో పైలట్, అబ్జర్వర్, వైర్‌లెస్ ఆపరేటర్ కమ్ గన్నర్ ముగ్గురుంటారు. ఒక తేదీకి, ఒక స్క్వాడ్రన్‌కు ముగ్గురి పేర్లూ దొరికేదాకా ఆ విమానం లెక్క పూర్తి కానట్టే.

సమాధి ఉన్న ఊరే విమానం కూలిన ఊరనుకోవద్దు. యుద్ధం తర్వాత గల్లంతైనవాళ్లను వెతికే బృందాలు చిన్నచిన్న శ్మశానాల్లోని సమాధులు తవ్వి, గుర్తుపట్టి, పెద్ద శ్మశానాలకు చేర్చాయి. అసలు దొరకనివాళ్లు, బ్రిటన్ నుంచో పశ్చిమ యూరప్ నుంచో ఎగిరినవాళ్లయితే, లండన్ దగ్గరి రన్నీమీడ్ స్మారకం మీద ఉంటారు. అక్కడ 20 వేలకు పైగా పేర్లున్నాయి.

తర్వాత లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్. ఎయిర్ 27 వరుసలో స్క్వాడ్రన్ల రోజువారీ రికార్డులు ఉంటాయి. అందులో ఫారం 540 నెల మొత్తం కథ చెబుతుంది, ఫారం 541 ఏ విమానం, ఎవరు, ఎప్పుడు లేచారు, ఎప్పుడు దిగారు చెబుతుంది. దిగిన సమయం గడి ఖాళీగా ఉంటే తిరిగి రాలేదని. మనకు కావాల్సింది ఎక్కువగా 541లోనే దొరుకుతుంది, చాలామంది 540 చదివి ఆగిపోతారు. ఈ రికార్డు స్క్వాడ్రన్ గుమస్తా అప్పటికి తెలిసినంత రాసింది, ‘గల్లంతు’ అని రాసినవాడు నెలల తర్వాత జర్మన్ జైల్లో తేలొచ్చు. అందుకే ఎయిర్ 81లోని ప్రమాద ఫైళ్లు కూడా చూడాలి. ఇంటివాళ్లతో నడిచిన ఉత్తరాలు, రెడ్‌క్రాస్ కబుర్లు అక్కడుంటాయి.

110 వాళ్లు 1942లో భారత్ వచ్చి వెంజెన్స్ డైవ్ బాంబర్లకు మారారు. దాని రెక్క ఒంటికి వాలు లేకుండా బిగించినది, కాబట్టి దాదాపు నిట్టనిలువునా దూకగలిగేది, మామూలుగా ఎగిరేటప్పుడు మాత్రం ముక్కు పైకెత్తి పోయేది. పైలట్, వెనక గన్నర్, ఇద్దరే మనుషులు. ఇక్కడ వెతికేవాళ్లు దెబ్బతినేది స్మారకం దగ్గర. బర్మాలో పోయాడు కదా అని రంగూన్ స్మారకంలో వెతుకుతారు. అది భూసేన వాళ్లది. బర్మా ఆకాశంలో గల్లంతైన వాయుసేన మనిషి పేరు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద ఉంటుంది, ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ వాళ్లదీ అక్కడే. ఢిల్లీలో వెతికితే దొరకదు. ఇండియా గేట్ మీది పేర్లు మొదటి యుద్ధానివి, మూడో అఫ్గాన్ యుద్ధానివి. 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్లది.

సమయాల్లో ఇంకో చిక్కుంది. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా మన దేశంలో గడియారాలు గంట ముందుకు తిప్పారు, గ్రీనిచ్‌కు ఆరున్నర గంటలు ముందు. ఇప్పటి ఐదున్నర పట్టుకుని లెక్కేస్తే సమయం గంట తప్పుతుంది.

నిజాం కానుక వైపు కాగితాలు కావాలంటే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. అక్కడి నిజాం కాలం దస్త్రాలు ఎక్కువగా ఉర్దూ, పారసీల్లో ఉంటాయి, తేదీలు ఫసలీ అనే శిస్తు సంవత్సరంలో. మన పహాణీల్లో కనబడే ఫసలీ జూలైలో మొదలవుతుంది, నిజాం ఫసలీ అక్టోబర్ మొదట్లో ఆజర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లిషు సంవత్సరంలోంచి జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 591, ఆజర్ మొదలైన దగ్గర్నుంచి డిసెంబర్ దాకా 590 తీసేయాలి. 1918 సెప్టెంబర్‌లో 110 వాళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు ఇక్కడ 1327 ఫసలీ. యుద్ధం ముగిసిన నవంబర్‌కు 1328. ఆ రెండు సంవత్సరాల దస్త్రాలూ, వాటికి ముందుదీ అడగండి, ఎందుకంటే కానుక ఉత్తర్వు విమానం కంటే ముందే పుట్టి ఉంటుంది.