వీపీఎన్ పాస్‌వర్డ్ రీసెట్ చేయించే ముందు లాగ్ చూడండి

లినక్స్‌లో వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) కనెక్ట్ కాకపోతే చాలామంది వెంటనే ఆఫీసు ఐటీ వాళ్లకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ రీసెట్ చేయించుకుంటారు. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: మన పాస్‌వర్డ్ అసలు సర్వర్ దాకా వెళ్లిందా, లేదా?

మొన్న మా తమ్ముడు గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. పాత ల్యాప్‌టాప్, అందులో డెబియన్ లినక్స్, వీపీఎన్‌కి ఓపెన్‌వీపీఎన్. "అక్కా, ఫోన్‌లో కనెక్ట్ అవుతోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం కావట్లేదు. పాస్‌వర్డ్ మార్పించినా అంతే" అన్నాడు. ర్యామ్ చాలట్లేదని ఈమధ్యే గ్నోమ్ డెస్క్‌టాప్ వదిలేసి, తేలికైన ఓపెన్‌బాక్స్‌కి మారాడట. ఆ మాట వినగానే నాకు అనుమానం వచ్చింది.

లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ లాగ్‌ని (అది ఏం చేసిందో రాసుకునే చిట్టా) జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో తెరిచి, అది కదులుతుండగా మళ్లీ కనెక్ట్ చేయమన్నాను. అక్కడ 'ఆథ్ ఫెయిల్డ్' అని వస్తే పాస్‌వర్డ్ సర్వర్‌కి చేరింది, సర్వరే ఒప్పుకోలేదు. తమ్ముడి లాగ్‌లో అది లేదు. 'నో ఏజెంట్స్ వర్ అవైలబుల్' అని ఉంది. అంటే పాస్‌వర్డ్ ఇల్లు కూడా దాటలేదు.

నెట్‌వర్క్‌మేనేజర్ తనంతట తాను మనల్ని పాస్‌వర్డ్ అడగదు. ఆ పనికి డెస్క్‌టాప్‌లో సీక్రెట్ ఏజెంట్ (పాస్‌వర్డ్ అడిగి అందించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి నడుస్తూ ఉండాలి. గ్నోమ్‌లో అది షెల్‌లోనే ఉంటుంది. ఓపెన్‌బాక్స్ లాంటి వాటిలో మనమే ఎన్‌ఎమ్ యాప్లెట్ పెట్టుకోవాలి. తమ్ముడి స్టార్టప్‌లో అది లేదు. యాప్లెట్ నడిపించాక లాగ్‌లో మాట మారింది, ఈసారి 'ఆథ్ ఫెయిల్డ్'! పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్‌లో ఉన్నది రీసెట్‌కి ముందున్న పాస్‌వర్డ్ మరి. వెంటనే వచ్చిన విండోలో కొత్తది కొట్టాడు, కనెక్ట్ అయింది. అనవసరంగా చేయించిన రీసెట్ ఇలా రెండో చిక్కు తెచ్చిపెడుతుంది, అందుకే అంత గట్టిగా వద్దంటున్నాను.

టెర్మినల్ నుంచి ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐ (నెట్‌వర్క్‌మేనేజర్ కమాండ్)తో కనెక్ట్ అయ్యేవాళ్లకూ ఇదే ఇబ్బంది వస్తుంది. 'ఆస్క్' ఆప్షన్ కలిపితే అక్కడే పాస్‌వర్డ్ అడుగుతుంది.

కనెక్షన్ ఎడిటర్‌లో పాస్‌వర్డ్ గడి చివర చిన్న బొమ్మ ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. పాస్‌వర్డ్‌ని ఈ యూజర్‌కే దాచాలా, అందరికీ దాచాలా, ప్రతిసారీ అడగాలా అన్నది అక్కడే ఎంచుకోవాలి. కనెక్షన్ సెట్టింగులు ఉండే ఫైల్‌లో ఇవి వరుసగా 1, 0, 2 అంకెలు. 0 పెడితే ఏజెంట్ గొడవే ఉండదు కానీ, పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లో డిస్క్ మీదకు చేరుతుంది. ఆ ఫైల్ రూట్ (అడ్మిన్ ఖాతా) మాత్రమే చదవగలిగినా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేయని ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పాస్‌వర్డ్‌ని అలా వదలడం నాకు ఇష్టం లేదు. తమ్ముడికి 1 పెట్టించాను.

ఓటీపీ వాడే ఆఫీసులైతే 2 పెట్టాలి. అయినా గంట కాగానే కనెక్షన్ తెగిపోతుంటే తప్పు మీది కాదు. ఓపెన్‌వీపీఎన్ మామూలుగా 3600 సెకన్లకోసారి కీ మార్చుకుంటుంది, అప్పుడు పాత ఓటీపీనే మళ్లీ పంపిస్తుంది. సర్వర్ వైపు ఆథ్ టోకెన్ (మళ్లీ పాస్‌వర్డ్ బదులు పనికొచ్చే తాత్కాలిక గుర్తు) ఆన్ చేస్తే ఆ బాధ పోతుంది. ఐటీ వాళ్లను అడగాల్సింది అది. తెగిపోయిన టైమ్, లాగ్‌లోని ఆ నాలుగు లైన్లు కూడా జతచేసి పంపండి.