కట్టర్ బ్లేడు, అత్తమ్మ చీరలు

ఈరోజు నా రోటరీ కట్టర్, అదే గుండ్రటి బ్లేడుతో గుడ్డ మీద దొర్లిస్తా కోసే కత్తి, ఆ కట్టర్‌కి కొత్త బ్లేడు వేశా. వేసేది అయిదు నిమిషాల పనే, అసలు మార్చాలా వద్దా అని తేల్చుకోడానికే పొద్దున సగం పోయింది, అందుకే ఇదంతా రాసి పెట్టుకుంటా ఉండా.

మా వదిన కూతురికి నెలలు నిండుతా ఉండాయి. పుట్టబోయే బిడ్డకి బొంత కుట్టమని అత్తమ్మ తన పాత చీరలు బీరువాలోంచి తీసి ఇచ్చింది. అన్నీ వెంకటగిరి నూలు చీరలే, ఉతికి ఉతికి మెత్తబడి చేతిలోంచి జారిపోయేంత నున్నగా అయినాయి, పసిబిడ్డ కింద పరవడానికి ఇంతకన్నా మంచి గుడ్డ యాడ దొరుకుతుంది. అత్తమ్మ వాళ్ళ రోజుల్లో అయితే చీరని నాలుగు మడతలేసి నేల మీద పరిచి దబ్బనంతో కుట్టుకుంటా పోయేవాళ్ళు, పైన అతుకులు వేసినా కత్తెరతో కంటి అంచనా మీద కోసుకునేవాళ్ళంట. నేను రెండున్నర అంగుళాల పట్టీలు కోసి, వాటిని చదరాలు చేసి మెషిన్ మీద అతికి ఇస్తా, ఆ పైన చేతి కుట్టంతా అత్తమ్మది. అట్టా మాట్లాడుకున్నాం.

రాత్రే చీరలకి పల్చగా గంజి పెట్టి ఆరేసి ఇస్త్రీ చేసి ఉంచా. ఇంత మెత్తటి గుడ్డ గంజి లేకుండా కోస్తే స్కేలు కిందే కదిలిపోతుంది. పొద్దున ఆయన ఆఫీసుకి పోయి వంటిల్లు సర్దుకున్నాక కోతకి కింద వేసే మ్యాట్ పరిచి మొదలు పెట్టా, అప్పటికే నెల్లూరు ఎండ మాడు పగలగొడతా ఉండాది, కరెంటు పోలేదు కాబట్టి సరిపోయింది. మొదటి చీర బాగా తెగింది. రెండోది లేత మామిడి రంగుది, నాలుగు పొరలు మడత పెట్టి కట్టర్ లాగితే అక్కడక్కడా తెగకుండా ఉండిపోయినాయి. పట్టీ పక్కకి తీయబోతే రెండు పోగులు అటు గుడ్డనీ ఇటు గుడ్డనీ పట్టుకొని వదల్లేదు. అత్తమ్మ ఫ్యాను కింద కూర్చొని పట్టీలు రంగుల వారీగా పేరుస్తా ఉండి, ఒక పట్టీ అంచు మీద బొటనవేలు రాసి "ఏమ్మే, దీని అంచు పీచు పీచుగా ఉండాది, ఇందాకటిది ఇట్ట లేదే" అనింది. రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి వెలుతురులో చూస్తే నిజమే, మొదటి దాని అంచు నున్నగా ఉండాది, రెండో దానికి పొడుగునా సన్న నూగు లేచింది. నేను కంటితో చూడకముందే ఆమె వేలికి తెలిసిపోయింది.

పోగు తెగకపోతే చాలామంది చేత్తో లాగేస్తారు. పాత వెంకటగిరిని అట్ట లాగకూడదు, అది నూరో నంబరు సన్న నూలు, ఒక్క పోగు లాగితే పట్టీ అంతా ముడుచుకొచ్చేస్తుంది, పడుగూ పేకా పక్కకి జరిగి చదరం చదరంగా ఉండదు. పోనీ అదే గీత మీద ఇంకోసారి కట్టర్ లాగుదామా అంటే అది మొదటి కోత మీదే పడదు, వెంట్రుకవాసి అటో ఇటో పోతుంది. ఒక్కో ముక్క అంగుళంలో ఎనిమిదో వంతు తగ్గినా ఎనిమిది ముక్కలు అతికేసరికి ఒక అంగుళం పోయినట్టే, ఇంక పక్క వరసతో మూలలు ఎట్ట కలుస్తాయి. కొత్త గుడ్డయితే చిన్నబజారుకి పోయి ఇంకో మీటరు తెచ్చుకోవచ్చు. అత్తమ్మ కట్టుకున్న చీర ఇంకోటి ఎవరిస్తారు. బ్లేడు ఖరీదు, బ్లేడు ఖరీదు అనేవాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే, మొద్దు బ్లేడుతో పాడయ్యే గుడ్డ ఖరీదు కూడా లెక్కలో వెయ్యండి అని.

సరిగ్గా అదే టైముకి కావలి నుంచి వదిన ఫోన్. తను కూడా ఈ మధ్య కట్టర్ కొనుక్కొని పసిబిడ్డకి దిండు గలీబులు అవీ కోస్తా ఉండాది. "అమ్మాయ్, ఈ బ్లేడు ఎన్నాళ్ళకి మార్చాలి, బొంతకొకటి అంటా ఉండారే, అంతేనా?" అని అడిగింది. అట్టా లెక్క పెట్టుకొని మార్చేది కాదు వదినా అని చెప్పా. ఒకే సైజు బొంతలు రెండు కుట్టినా, ఉత్త నూలు కోసిన బ్లేడూ పాలిస్టర్ దూది కోసిన బ్లేడూ ఒకటే మాదిరి అరగవు. పాలిస్టర్ దూది, జరీ, కాగితం, ఇవి పదును తొందరగా తినేస్తాయి. గుండుసూది మీదకి ఒక్కసారి ఎక్కిందంటే పొద్దున వేసిన బ్లేడు కూడా పోతుంది. అందుకే గుడ్డకి సూదులు గుచ్చి పెట్టుకొని కోయకూడదు, స్కేలు బరువు చాలు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి తనకి చెప్తా చెప్తానే నా కట్టర్ కూడా చూసుకున్నా. ముందు చూడాల్సింది తెగని పోగులు ఎంతెంత దూరంలో ఉండాయని. మా ఇద్దరివీ అడ్డకొలత 45 మి.మీ. ఉండే బ్లేడ్లు, అంటే ఒక చుట్టు తిరిగితే 14 సెం.మీ. చిల్లర, అయిదున్నర అంగుళాలు. తెగని చోట్లు సరిగ్గా అంతంత దూరంలో వస్తా ఉంటే బ్లేడు అంచు మీద ఒకచోట నొక్కు పడిందని అర్థం, ఆ నొక్కు తిరిగి కిందికి వచ్చినప్పుడల్లా అక్కడ పోగు మిగిలిపోతుంది. 60 మి.మీ. బ్లేడయితే దాదాపు 19 సెం.మీ.కి ఒకసారి, 28 మి.మీ. చిన్నదయితే 9 సెం.మీ.కి ఒకసారి వస్తుంది. నొక్కు పడినదానికి ఏ వైద్యమూ లేదు, తీసెయ్యడమే. గుడ్డ ఎక్కడ పెట్టి కోసినా మ్యాట్ మీద ఒకే గీత దగ్గర తెగకపోతే మాత్రం బ్లేడుది తప్పు కాదు, అక్కడ మ్యాట్‌లో గాడి పడి ఉంటుంది, గుడ్డ ఆ గాడిలోకి దిగిపోతుంది, బ్లేడు పైపైన పోతుంది. అట్టా కాకుండా పొడుగునా అక్కడొకటి ఇక్కడొకటి మిగులుతా ఉంటే అప్పుడు మొద్దుబారిందేమో అని అనుమానించాలి.

నాది ఈ మూడో రకం. అయినా వెంటనే పారెయ్యకుండా విప్పి చూశా. నట్టు, వాషరు, బ్లేడు విప్పిన వరసలోనే పళ్ళెంలో పెట్టుకుంటే మళ్ళీ బిగించేటప్పుడు వెతుక్కునే పని లేదు. బ్లేడు వెనక గంజి పొడీ నూగూ కలిసి చుట్టూతా దట్టంగా అతుక్కొని ఉండాది. ఇది ఉంటే బ్లేడు సాఫీగా తిరగదు, తిరగకుండా ఈడ్చుకుంటా పోతే ఒకేచోట అరిగిపోతుంది. మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచు వైపుకి తుడిచి, కుట్టు మెషిన్ నూనె ఒక్క చుక్క వేసి, మెరుపు మాత్రం మిగిలేట్టు మళ్ళీ తుడిచా, నూనె ఎక్కువైతే గుడ్డకి మరక పడుతుంది. నట్టు మరీ బిగించకూడదు, బ్లేడు వదులుగా తిరగాలి కానీ అటూ ఇటూ ఊగకూడదు. బిగించి ఒక పాత పంచె ముక్క మీద లాగితే ముందుకన్నా కొంచెం మేలు, అయినా పోగులు మిగిలినాయి. మ్యాట్ తిప్పి గాట్లు లేని వైపు కోసినా అంతే. అప్పుడింక బ్లేడే అని తేలిపోయింది.

చెవికి కూడా తెలుస్తుంది, అది వదినకి ఫోన్‌లోనే వినిపించా. పదునున్న బ్లేడు సన్నగా సర్రుమని పోతుంది, మొద్దుబారినది కరకరమంటుంది. అన్నిటికన్నా ముందు భుజానికి తెలుస్తుంది. కత్తిపీట మొద్దుబారితే చేప తెగకుండా నలిగిపోతుంది కదా, గుడ్డ కూడా అంతే, తెగట్లేదని మనం ఇంకా గట్టిగా అదుముతాం. ఆ అదమడంలోనే ప్రమాదం ఉండేది. బలం పెట్టి తోస్తే స్కేలు జారుతుంది, బ్లేడు స్కేలు మీదికి ఎక్కుతుంది, అక్కడ మన ఎడమ చేతి వేళ్ళు ఉంటాయి. మొద్దుది కదా ఏం తెగుతుందిలే అనుకుంటారు, గుడ్డ తెగకపోయినా వేలు తెగుతుంది. పైగా మ్యాట్ కూడా లోతుగా గాట్లు పడి పాడైపోతుంది, బ్లేడు కన్నా మ్యాటే ఎక్కువ ఖరీదు.

వదిన ఒప్పుకోలేదు. అల్యూమినియం రేకు కాగితం మడత పెట్టి దాని మీద కట్టర్ తిప్పితే పదును వస్తుందంట, ఏదో వీడియోలో చూసిందంట. కాసేపు పనికొస్తుంది, కాదనను, అంచు మీద లేచిన సన్న గరుకు పోతుంది అంతే, అరిగిన పదును తిరిగి రాదు, నొక్కు అసలే పోదు. రాత్రిపూట షాపులు మూసేశాక నాలుగు పట్టీలు మిగిలిపోతే చేసుకోవచ్చు. సైకిల్ మీద సాన రాయి పెట్టుకొని వచ్చే తాత ఉండాడు కదా, ఆయనకిస్తే అని కూడా అడిగింది. కత్తెరలకి ఆ తాత చెయ్యి మహా మంచిది, నా పెద్ద కత్తెర ఆయన దగ్గరే సాన పట్టిస్తా. కానీ ఈ బ్లేడు మందం 0.3 మి.మీ., చుట్టూతా రెండు వైపులా ఒకటే వాలుగా పదును రావాలి, ఆ రాయి మీద కుదిరే పని కాదు.

అసలు ఇది గుడ్డలు కోసేవాళ్ళ చేతికొచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. మొదటి రోటరీ కట్టర్ జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చింది, బట్టలు కుట్టేవాళ్ళ కోసం చేస్తే బొంతలు కుట్టేవాళ్ళు పట్టుకున్నారు. ఆ కంపెనీ పెట్టిన యోషియో ఒకాడానే 1956లో ముక్క ముక్క విరుచుకునే బ్లేడు కత్తి కనిపెట్టాడు, ఆఫీసుల్లో కాగితాలు కోసేది. పదును పోతే సాన పట్టొద్దు, ఆ ముక్క తీసెయ్యి అనే ఆలోచన ఆయనది. గుండ్రటి బ్లేడుకి విరిచే వీలు లేదు కాబట్టి మొత్తం మార్చాలి, అంతే తేడా.

ఈ మధ్యలో అత్తమ్మతో జరీ దగ్గర వాదన. నెమలిపింఛం రంగు చీరకి రెండు వేళ్ళ జరీ అంచు ఉండాది, అది కూడా పట్టీల్లో కలపమంటుంది. "జరీ లేకపోతే అది వెంకటగిరి అని బిడ్డకి ఎట్ట తెలుస్తాది" అని. జరీ లోహపు పోగు అత్తమ్మా, కొత్త బ్లేడు మీద మొదటి కోతే దాని మీద పెడితే బ్లేడు పాడైపోతుంది, పైగా పసిబిడ్డ ఒంటికి గరుగ్గా గుచ్చుకుంటుంది అని చెప్పా. చివరికి జరీ అంచు నేనే పెద్ద కత్తెరతో విడిగా కోసి చుట్టి ఆమె చేతికిచ్చా, దాంతో బొంత పెట్టుకునే సంచికి అంచు వేస్తానంది. ఆ ఆలోచన నాకు భలే నచ్చింది.

కొత్త బ్లేడు తీసేటప్పుడు ఒకటి చూసుకోవాలి, ప్యాకెట్‌లో బ్లేడ్లన్నీ నూనెతో అతుక్కొని ఉంటాయి, ఒకటి అనుకొని రెండు బిగించేస్తారు, అట్టా బిగిస్తే తిరగదు. నడిమి బెజ్జం దగ్గర పట్టుకొని పక్కకి జరిపితే విడిపోతాయి, అంచు మీద వేలు పెట్టే పని లేదు. మిగిలిన వాటికి ఆ నూనె తుడవకూడదు, మనది సముద్రం గాలి, తెరిచిన ప్యాకెట్ ఊరికినే పెడితే చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. డబ్బాలో గట్టిగా మూత పెట్టి ఉంచా.

వేశాక మొదటి కోతే మామిడి రంగు చీర మీద. చేతికి పాత బలం అలవాటైపోయి ఉంటుంది, కొత్త బ్లేడుతో అంతే అదిమితే మ్యాట్ తెగుతుంది, అందుకే కావాలని చెయ్యి తేలిక చేసి లాగా. నాలుగు పొరలూ ఒక్క లాగుడుకి విడిపోయినాయి. పట్టీ ఎత్తితే ఒక్క పోగు కూడా వెంట రాలేదు. అబ్బ, ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి అంచులు చూసుకుంటే ఎంత హాయిగా ఉండాదో. మధ్యాహ్నం అన్నానికి లేచేలోపు ఆ చీర మొత్తం అయిపోయింది.

పాత బ్లేడు పారెయ్యలా. దాని మీద మార్కర్‌తో కాగితం అని రాసి రెండో కట్టర్‌కి వేశా, నమూనాలు కోసుకోడానికి అది చాలు. అంతకుముందు కాగితానికి వాడతా ఉండింది పూర్తిగా పోయింది కాబట్టి పాత మందుల డబ్బాలో వేసి మూతకి టేపు చుట్టేశా, డబ్బా నిండాక అట్టనే టేపుతో పారేస్తా. విడిగా చెత్తలో వేస్తే పొద్దునే మున్సిపాలిటీ బండి మీద వచ్చే అమ్మాయి చెయ్యి తెగుతుంది, ఆమె చేతులకి గ్లోవ్స్ కూడా ఉండవు చాలాసార్లు.

సాయంత్రం వదిన మళ్ళీ ఫోన్ చేసింది, ఆదివారం వస్తానని, కట్టర్ మ్యాట్ రెండూ తెస్తానని. మ్యాట్ వద్దు వదినా అన్నా, చుట్టి బస్సులో పెట్టుకొని ఈ ఎండలో తెస్తే వంకర పోతుంది, ఒకసారి వంకర పోతే మళ్ళీ సాపు కావడం కష్టం, నాదే సరిపోతుంది. కట్టర్ మాత్రం బ్లేడు లోపలికి మూసి, గుడ్డలో చుట్టి తెమ్మన్నా. తన బ్లేడు ఇంకా ఎన్నాళ్ళు వస్తుందో ఫోన్‌లో నేను ఎట్ట చెప్పేది, వచ్చాక పంచె ముక్క ఒకటి దాంతో కోసి అత్తమ్మ చేతికిస్తే ఆమే అంచు రాసి చెప్పేస్తుంది.