అక్టోబర్ అని రాసిచ్చారు, విత్తనమంతా కుళ్లిపోయింది

నిన్న సాయంత్రం పెరట్లో బంగాళాదుంపలు తవ్వాను, మూడు కిలోల ఎనిమిది వందల గ్రాములు. కాటా మీద రెండుసార్లు తూచాను, మా ఆయన నమ్మలేదని మూడోసారి కూడా తూచాను. వైజాగ్ పెందుర్తిలో, ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత జాగాలో!

అంతకు ముందు మూడుసార్లు పోయింది. మొదట జూన్‌లో బెండ గింజలతో పాటే పెట్టాను, మొలక రాలేదు. రెండోసారి సంక్రాంతి అయ్యాక పెడితే ఆకులు మోకాలెత్తు వచ్చాయి, మార్చిలో పీకితే కింద గోళీకాయలు. అత్తయ్య ఏమీ అనలేదు, వాటిని సాంబార్‌లో వేశారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

సరే, తెలిసినవాళ్లని అడుగుదామని మొన్న దసరా ముందు మొక్కల సంగతులు చూసే ఒక ఆఫీసుకి వెళ్లాను. పేరు చెప్పను, వెళ్లినవాళ్లకి తెలుస్తుంది. పదిన్నరకి వెళితే పన్నెండుంపావుకి పిలిచారు. "ఎన్ని ఎకరాలు?" అన్నాడాయన. పెరడు సార్ అన్నాను. "పాస్ పుస్తకం తెచ్చారా?" పెరటికి పాస్ పుస్తకం ఎక్కడిది సార్ అంటే వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. వైజాగ్‌లో ఎప్పుడు నాటాలో చెబితే వెళ్లిపోతానన్నాను. "మేడమ్, మీకు దగ్గర్లో రైతుబజార్ లేదా?" అన్నాడు. ఈసారి ప్యూన్ కూడా నవ్వాడు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని, పెన్షన్ కోసం వచ్చిన ముసలమ్మతో కూడా ఒక్కరోజు అలా మాట్లాడలేదు. చివరికి ఒక పాత కవరు వెనక 'అక్టోబర్' అని ఒక్క ముక్క రాసి చేతిలో పెట్టాడు. తేదీ లేదు, ఎందుకో లేదు. నేను థాంక్స్ చెప్పి వచ్చాను, అదే ఇప్పటికీ కడుపు మండే విషయం.

ఆ కవరుని నమ్మి అక్టోబర్ రెండో వారంలో నాటాను. "స్వాతి కార్తె దాటనీయమ్మా, ముసురు పడుతుంది" అన్నారు అత్తయ్య. ఆఫీసు వాళ్లు చెప్పారండీ అన్నాను, అదీ పెద్ద గొప్పగా. నాలుగో రోజున అల్పపీడనం. వారం పాటు పెరట్లో చీలమండల దాకా నీళ్లు. తవ్వి చూస్తే ముక్కలు తెల్లగా జారిపోతున్నాయి, ఆ వాసన గోళ్లలోంచి రెండు రోజులు పోలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసిన ఊరండీ ఇది, అక్టోబర్ అంటే ఇక్కడ ఏం జరుగుతుందో ఆయనకి తెలియదా? ఉత్తరప్రదేశ్‌లో అయితే ఆ నెల సరిగ్గా సరిపోతుంది, వాన ఆగిపోయి చలి మొదలవుతుంది. అక్కడి లెక్క ఇక్కడ రాసిచ్చాడు.

తర్వాత పంతానికి కూర్చుని చదివితే అసలు మెలిక తెలిసింది. మనం చూసుకోవాల్సింది నాటే రోజు వాతావరణం ఒక్కటే కాదు, కింద దుంప ఊరే రోజులది. రాత్రిళ్లు 20 డిగ్రీల లోపుంటే దుంప బాగా ఊరుతుంది, నేల వేడి 30 దగ్గరికి వెళితే ఊరడం దాదాపు ఆగిపోతుంది, ఆకులు మాత్రం పెరుగుతాయి. నా సంక్రాంతి పంట కథ అదే. మనకి ఆ చల్లదనం దొరికేది డిసెంబర్, జనవరిలోనే. మొలిచి దుంప కట్టడానికి ఐదారు వారాలు పడుతుంది కాబట్టి వెనక్కి లెక్కేస్తే నవంబర్ నడిమికి వచ్చింది. అత్తయ్య చెప్పిన స్వాతి కార్తె కూడా నవంబర్ మొదటి వారంలోనే అయిపోతుంది. నేను ఆ మాట ఆవిడతో ఇంకా అనలేదు.

అదృష్టం కొద్దీ కొన్ని దుంపలు వెలుతురు తగిలేలా ట్రేలో ఉంచేశాను, వాటికి పొట్టి మొలకలు వచ్చాయి. కొత్తగా తవ్విన దుంప రెండు మూడు నెలలు నిద్రలో ఉంటుంది, అది పెడితే మొలవదు. కోడిగుడ్డంత ముక్కకి రెండు మూడు కళ్లు ఉండేలా కోసి, బూడిద రాసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి నవంబర్ 15న నాటాను. ఈసారి మట్టిని బోదెలా ఎత్తుగా చేశాను, నీళ్లు నిలవకుండా. నెల రోజులకి మొదళ్లకి మట్టి ఎగదోశాను, ఎండ తగిలి పచ్చబడిన దుంప తినకూడదు కదా. పద్నాలుగు ముక్కల్లో పన్నెండు నిలిచాయి. జనవరి ఆఖరుకి ఆకులు పసుపు తిరిగాయి, నీళ్లు ఆపేసి పది రోజులు ఆగాను.

చిన్న దుంపలు విత్తనానికి దాచుదామనుకున్నాను కానీ మన ఎండల్లో నవంబర్ దాకా ఆగవు, వడిలిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టినవి తియ్యబడతాయట, అయినా నాలుగు కింద అరలో కాగితంలో చుట్టి పెట్టాను. మిగతావి ఈరోజు పొద్దున్న వేపుడు చేశాను, అత్తయ్య రెండోసారి వడ్డించుకున్నారు.