అవ్వా నేనూ ఒకే ఏడు పుట్టాం

కార్డు ప్రకారం మా అవ్వ పుట్టింది 1945 జనవరి 1న. మా ఊళ్లో సగం మంది ముసలోళ్ల పుట్టినరోజు అదే! వివరాలు రాసుకోను వచ్చిన అబ్బాయి "ఏ సంవత్సరం అవ్వా?" అంటే, ఈవిడ "ఈశ్వర, మార్గశిరం" అంది. అతను తోచిన అంకె వేసుకుని వెళ్లిపోయాడు.

మొన్న కూర్చుని లెక్క కట్టాను. తెలుగు ఏళ్ల అరవై పేర్లలో మొదటిది ప్రభవ, అది 1927లో వచ్చింది. ఈశ్వర పదకొండోది, అంటే 1937 ఉగాది నుంచి. మార్గశిరం కాబట్టి డిసెంబరు. కార్డు ఆమెకి ఏడేళ్లు కోసేసింది. అరవై ఏళ్లకి అవే పేర్లు మళ్లీ వస్తాయి కదా, నేను పుట్టిన 1997 కూడా ఈశ్వరే. "అయితే మనిద్దరం ఒకీడోళ్లం నాయనా" అని బోసినోటితో ఒకటే నవ్వు.

పేరు ఒక్కటే ఉంటే వచ్చే చిక్కు ఇదే. మా ఉదయగిరి కోటని కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలిచింది 1514లో. అప్పటి లెక్కలో శక సంవత్సరం 1436, భావ. శాసనాల్లో అంకె, పేరు రెండూ చెక్కించేవాళ్లు. పొలం కాగితాల్లో సర్వే నంబరుతో పాటు హద్దులు కూడా రాసినట్టు.

రోమన్లు ఆ ఏడు పదవిలో ఉన్న ఇద్దరు కాన్సుల్స్, అంటే ఏటా మారే పెద్ద అధికారుల పేర్లతో ఏడాదిని చెప్పుకునేవాళ్లు. ఇప్పటి ఇరాక్ వైపు ఉండే పాత రాజ్యం అస్సీరియాలో ఏటా ఒక అధికారి పేరు. బుర్-సగలే అనే ఆయన పేరున్న ఏట సూర్యగ్రహణం పట్టిందని ఒక్క ముక్క రాసిపెట్టారు. అది క్రీ.పూ. 763 జూన్ 15 అని తేలింది. ఆ ఒక్క గుంజకి కట్టి ముందూ వెనకా ఏళ్లన్నీ సర్దుకున్నారు.

దాని పక్కనుండే బాబిలోనియా పద్ధతి మాత్రం అచ్చం మా అవ్వదే. కాలువ తవ్విన ఏడు, గోడ కట్టిన ఏడు, ఫలానా ఊరు గెలిచిన ఏడు. వాళ్ల అవ్వ చెప్పిన ధాత కరువు గురించి ఈవిడ ఇప్పటికీ చెబుతుంది. ధాత 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. కానీ ధాత కరువంటే 1876దే, ఎవరూ పొరబడరు.

కార్డు మార్పించాలంటే పుట్టిన కాగితం కావాలన్నారు. తాటాకు మీద జాతకం ఉండేదంట, తడిసి పాడైపోయిందంట.

"ఎప్పుడవ్వా?"

"గాలివాన వచ్చిన ఏడు."

"ఏ గాలివాన?"

"పెద్దది."