ఉత్పలమాలతో కొలిచిన ఊపిరి

గుండెపోటు నాకు ఛాతీనొప్పిగా రాలేదు. సంక్రాంతి వెళ్లిన వారం, వంటింట్లో నిలబడి ఉండగా వీపు మీద బరువు పెట్టినట్టయింది. దవడ లాగింది, ఒళ్లంతా చల్లని చెమట. గ్యాస్ అనుకుని వాము నమిలి రెండు గంటలు పడుకున్నాను. ఆ రెండు గంటలు తలచుకుంటే ఇప్పటికీ వణుకు పుడుతుంది. ఆడవాళ్లకైనా ఎక్కువగా ఛాతీనొప్పే వస్తుంది. కానీ వీపునొప్పి, దవడనొప్పి, అంతుపట్టని నీరసం మగవాళ్లలో కంటే మనలో ఎక్కువ. నా ఈడు అక్కచెల్లెళ్లు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలి.

స్టెంటు వేసి నాలుగో రోజున ఇంటికి పంపారు. అప్పుడు నాకు 67 ఏళ్లు. అసలు జబ్బు ఆ తరువాతే ముదిరింది. "మెట్లు ఎక్కనని ఒట్టు వేయమ్మా" అని మా అమ్మాయి నా చేత ఒట్టు వేయించుకుంది. మంచినీళ్లు కూడా మంచం దగ్గరకే వచ్చేవి. విశాఖ సీతమ్మధారలో మొదటి అంతస్తులో ఉంటాం. నెలన్నర కిందికి దిగలేదు. కాస్త ఆయాసం వస్తే చాలు, చెవుల్లో గుండె చప్పుడు వినిపించేది, మళ్లీ వచ్చేస్తోందని బెదిరిపోయేదాన్ని. తొడలు సన్నబడ్డాయి. దేవుడి ముందు పీట మీద కూర్చుంటే మావారు చేయి అందిస్తే తప్ప లేవలేకపోయాను. ప్రేమతో చేయించిన విశ్రాంతే నన్ను ముసలిదాన్ని చేసింది.

ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్షలు చూశాక డాక్టరుగారు ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. మా అమ్మాయి ఈడు పిల్ల. "మెల్లగా నడిస్తే చాలదు అమ్మగారూ, ఆయాసపడాలి" అంది. నాకు నోట మాట రాలేదు. నేను బీటా బ్లాకర్ వేసుకుంటున్నాను. అది గుండె వేగాన్ని అణచిపెడుతుంది కనుక నాడి లెక్క నమ్మడానికి లేదు, మాటనే కొలతగా పెట్టుకోమంది. మాట్లాడగలిగి పాడలేకపోతే మితమైన శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సి వస్తే తీవ్రమైన శ్రమ.

ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకు ఉత్పలమాల కొలబద్ద అయింది. పాదానికి ఇరవై అక్షరాలు. పాదమంతా ఒక ఊపిరిలో వస్తే మామూలు నడక. పదో అక్షరం, యతిస్థానం దగ్గరే ఊపిరి చాలకపోతే గట్టి నడక.

మొదటి రెండు నెలలు ఆ పిల్ల కళ్లెదుట, ఛాతీకి తీగలు అతికించుకుని నడిచాను. ఒక నిమిషం వేగం, మూడు నిమిషాలు నెమ్మది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒంటికాలి మీద నిలబడడం కూడా నేర్పింది. తరువాత బీచ్ రోడ్డు. తెల్లవారుజామున అక్కడ వాహనాలు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి జలాంతర్గామి మ్యూజియం వైపు, నాలుగు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా. సంచిలో నాలుక కింద పెట్టుకునే మాత్రలు, పక్కన మావారు. మే నెలాఖరు ఉక్కపోతలో ఒకరోజు కళ్లు తిరిగి గట్టు మీద కూలబడ్డాను. రక్తపోటు బాగా పడిపోయిందని మందు మోతాదు తగ్గించారు. వారం ఆగి మళ్లీ వెళ్లాను.

నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో 70 నుంచి 77 ఏళ్ల వయసువారిని 1,500 మందికి పైగా ఐదేళ్లు గమనించారని ఆ పిల్లే చెప్పింది. వారిలో ఒక బృందం వారానికి రెండుసార్లు ఇలాగే నాలుగేసి నిమిషాల వేగంతో శ్రమించింది. దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని ఆ పరిశోధన ఖాయంగా తేల్చలేదు. కానీ ఆ వయసులో ఆయాసపడడం వారికి చేటు చేయలేదు. నాకు ఆ ధైర్యం చాలు.

ధనుర్మాసంలో, డాక్టరుగారి అనుమతితో, సింహాచలం కొండ కింద, మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్లు ఎక్కడం మొదలుపెట్టాం. సుమారు వెయ్యి మెట్లు. సగం దాటాక ఫోను మోగింది.

"ఎందుకమ్మా అలా రొప్పుతున్నావు?" అంది అమ్మాయి కంగారుగా.

"మెట్ల మీద ఉన్నాను తల్లీ. సింహాచలం."

కాసేపు అవతల మాట లేదు. తరువాత మెల్లగా, "ఎన్నో మెట్టు?" అని అడిగింది.