జెట్టీ మీద చెప్పులు

మన కాలేజీ రోయింగ్ టీమ్ గురించి నాలుగు మాటలు రాయమని సంచిక కమిటీ అడిగినప్పుడు పాత ట్రంకుపెట్టె దింపి ఫొటో వెతికాను. దొరికింది. పడవ ముందు మేం ఐదుగురం, నడుమ కప్పు. అందులో కోచ్ సార్ లేరు, ఫిజికల్ డైరెక్టర్ పీడీ సార్ లేరు, పడవలు బాగుచేసే చాచా లేడు. కెమెరా పట్టుకున్నది పీడీ సారే. మిగతా ఇద్దరూ అప్పటికే తెడ్లు కడిగే పనిలో పడ్డారు. మా గురించి ఆ ఫొటో చెప్తుంది కాబట్టి నేను వాళ్ళ గురించే రాస్తాను.

1999 నుంచి 2002 దాకా మా తెల్లవారుజాములన్నీ హుస్సేన్ సాగర్‌వే. ఎండెక్కితే గాలి లేస్తుంది, అల లేస్తే సన్నటి పడవ ఆగదు. అందుకని బుద్ధుడి వెనక ఆకాశం ఇంకా నల్లగా ఉండగానే నీళ్ళ మీద ఉండేవాళ్ళం. మాది తెడ్డు వేసే నలుగురూ, చుక్కాని పట్టే కాక్స్ ఒకడూ కూర్చునే పడవ. పదమూడు మీటర్ల పొడుగు, బరువు చూస్తే యాభై కిలోల పైమాటే తప్ప ఎక్కువ ఉండదు. తెడ్డు వేసే నలుగురూ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ముందుకి చూడగలిగేది కాక్స్ ఒక్కడే.

కోచ్ సార్ సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. సికింద్రాబాద్‌లో ఇరవయ్యేళ్ళకు పైగా ఉన్నా వంశధార ఒడ్డు మాట ఆయన్ని వదల్లేదు. "ఏటిరా, నీళ్ళని కొడతన్నావేటి? నీళ్ళు నీకు పగోడేటిరా? అట్టుకోవాల, లాగాల, ఒగ్గీయాల" అనేవారు. రోయింగ్ గురించి ఆ తర్వాత నేను చదివినవాటిల్లో ఇంతకంటే సూటిగా చెప్పిన మాట కనబడలేదు.

ఆయన చేయించే అభ్యాసం ఒకటుండేది. కళ్ళు మూసుకుని తెడ్డు వెయ్యాలి. నీళ్ళలోంచి తీసిన తెడ్డును బల్లపరుపుగా తిప్పినప్పుడు, దాన్ని పడవకి పట్టి ఉంచే గేటులో 'టక్' మని చప్పుడవుతుంది. నాలుగు తెడ్లకీ ఒక్కటే టక్కు వినపడాలి. ఆయన చిన్న మోటారు పడవ ఇంజను ఆపేసి మాకు వీపు పెట్టి కూర్చునేవారు, అటు తిరిగే "మూడో నెంబరు ఎనకబడ్డాడు" అనేవారు. ఆ మూడో నెంబరు నేనే. ఒకటీ రెండూ కాదు, నెలల తరబడి నేనే.

2000 డిసెంబరులో నన్ను ఆ సీటు నుంచి తీసేశారు. నా బరువు అప్పుడు యాభై ఎనిమిది కిలోలు. కాక్స్‌గా కూర్చోమన్నారు. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. చేతులు కాయలు కాసిన కుర్రాణ్ణి తెచ్చి చుక్కాని తాడు ఇచ్చి కూర్చోబెడితే ఎలా ఉంటుంది? ఆయన బతిమాలలేదు, కోప్పడనూ లేదు. ఒకరోజు బోట్‌హౌస్ మెట్ల మీద పక్కన కూర్చుని, "ఆలీసంగా ఏస్తన్నావు గానీ ఆలీసమైందని నీకు ముందే తెలస్తంది. ఆ సెవి నాకు కావాల" అన్నారు. మర్నాటి నుంచి నలుగురిలో ఎవరు జారుతున్నారో వాళ్ళకంటే ముందు నేను చెప్పడం మొదలుపెట్టాను.

2001 వినాయక నిమజ్జనం అయిన తర్వాతి వారం. నీళ్ళ కింద విగ్రహం తాలూకు ఇనుప చట్రం ఒకటి నిలబడి ఉంది. చుక్కాని నా చేతిలోనే ఉంది, నాకు కనబడలేదు. పడవ అడుగు జానెడు మేర చీలింది. చేతులతో నీళ్ళు తోడుకుంటూ ఒడ్డుకి చేరాం. తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన చీలిక మీద వేలు పెట్టి చివరి దాకా నడిపి, "దారి సూడకుండా పంపినోణ్ణి నేను" అన్నారు. ఆ మర్నాటి నుంచి మాకంటే ముప్పావుగంట ముందే వచ్చి, ఒక్కరే వెదురుగడతో మా దారంతా పొడుచుకుంటూ తిరిగేవారు. గడకి ఏదన్నా తగిలితే అక్కడ ఖాళీ నూనె డబ్బా తేలేలా తాడు కట్టేవారు. మేం దిగేసరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉండేది.

పడవ బాగుచేసింది చాచా. చీలిక చుట్టూ గరుకు కాగితంతో రుద్ది, ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ పూశాడు. అందులో కలిపే హార్డెనర్ ఎక్కువైతే గిన్నెలోనే గడ్డకడుతుంది, తక్కువైతే ఆరదు. ఆయన కొలత గిన్నె వాడలేదు, కలుపుతూ గిన్నె అడుగున అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు. రాత్రి చలికి ఆరదేమోనని పడవ కింద వంద వాట్ల బల్బు వేలాడదీసి పక్కనే చాప వేసుకున్నాడు. నేను ముట్టుకోబోతే, "అభీ హాత్ నక్కో లగావ్ బేటా" అన్నాడు. ఆ అతుకు ఉన్న చోట పడవ చివరి దాకా చుక్క నీరు కారలేదు.

పీడీ సార్ ఈత రాని మనిషి, నీళ్ళ దగ్గరికి పెద్దగా వచ్చేవారు కాదు. కానీ మోటారు పడవకి పెట్రోలు, హాస్టల్ మెస్‌లో తెల్లవారుజాము నాలుగున్నరకి మాకు పాలూ అరటిపళ్ళూ ఆయన పోట్లాడి తెచ్చినవే. కప్పు గెలిచిన రేసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పడవ సగం పొడవు తేడాతో గెలిచాం.

చెప్పుల సంగతి చెప్పాలి. పడవలో కాళ్ళకి బిగించిన బూట్లు అందులోనే ఉంటాయి, కాబట్టి ఎక్కేటప్పుడు చెప్పులు జెట్టీ మీద విడిచేస్తాం. తిరిగొచ్చేసరికి ఐదు జతలూ మేం దిగే వైపు, ఎవరి సీటుకి ఎదురుగా వారివి, వరసగా ఉండేవి. మూడేళ్ళలో అవి ఎవరు సర్దుతున్నారని మాలో ఒక్కరమూ అడగలేదు.

2002 డిసెంబరులో జాతీయ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. దేశం నలుమూలల పడవలు మన సాగర్‌లో దిగాయి. అప్పటికి మా చదువులైపోయాయి, అయినా ఐదుగురం కలిసి చూడ్డానికి వెళ్ళాం. ఏదో రాష్ట్రం జట్టు అప్పుడే బయల్దేరి స్టార్ట్ వైపు వెళ్తోంది. జెట్టీ మీద కోచ్ సార్ వంగి, ఆ ఊరూ పేరూ తెలియని కుర్రాళ్ళ చెప్పులు ఏరుతున్నారు. మమ్మల్ని చూసి పలకరింపు కూడా లేకుండా నా చేతిలో రెండు జతలు పెట్టారు.

"సూస్తారేటి, ఆ సివరికి అట్టుకెళ్ళండి. ఆళ్ళు అటేపు దిగుతారు."