డాక్టరు పేరు అడిగితే మేనేజరు వచ్చాడు

బెంగళూరులో చర్మం క్లినిక్కు వెతుక్కుంటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు ఒళ్ళుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి కాస్త ఘాటుగానే ఉంటుంది.

నాకు రెండు బుగ్గల మీదా మంగు మచ్చలు. రెండోవాడు కడుపులో ఉన్నప్పుడు మొదలయ్యాయి, కాన్పయ్యాక పోతాయన్నారు, పోలేదు. మారతహళ్ళి నుంచి ఆఫీసుకి స్కూటీ మీద ఎండలో తిరిగి ఇంకా ముదిరాయి. నేను పెద్దగా పట్టించుకోలేదు. ఈ మధ్య ప్రొద్దుటూరులో గృహప్రవేశానికి వెళ్తే మా పెద్దత్త అందరి ముందూ గడ్డం పట్టుకుని "ఏందే, మొహం ఇట్లా మాడిపోయింది" అంది. మన ఇళ్ళల్లో మనిషి కనపడగానే ముందు రంగు చూస్తారు, తర్వాత ఒళ్ళు చూస్తారు, ఆ తర్వాతే "బాగున్నావా" అంటారు. ఈ క్లినిక్కులన్నీ బతుకుతున్నది ఇలాంటి అత్తల నోటి మీదే. ఆవిడకి వాళ్ళు కమీషన్ ఇవ్వాలి నిజానికి.

వెతకడం ఎంతసేపు! ఫోన్లో ఒకసారి "మంగు మచ్చలు" అని కొడితే చాలు, ఇంక ఏది తెరిచినా అవే ప్రకటనలు. 4.9 రేటింగు, "ఉచిత కన్సల్టేషన్" అని ఉన్న ఒకదానికి మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను.

తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. నా మాట వినగానే "అక్కా, మీరు తెలుగా! మాది మదనపల్లె" అని చెయ్యి పట్టుకుంది. డాక్టరే అనుకుంటామా లేదా? బ్యాడ్జి మీద చూస్తే "స్కిన్ కౌన్సెలర్". అంటే ప్యాకేజీలు అమ్మే పిల్ల. నన్ను ఒక యంత్రంలో గడ్డం పెట్టమని ఫొటోలు తీసి, గోడకున్న పెద్ద తెర మీద వేసింది. తలుపు బార్లా తీసే ఉంది. బయట సోఫాలో కూర్చున్నవాళ్ళందరికీ నా మొహం రెండడుగుల సైజులో, నలుపు తెలుపుల్లో, ఒక్కో రంధ్రం కనపడేలా దర్శనం. ఆ పిల్ల పెన్ను పెట్టి చూపిస్తూ గట్టిగా చదువుతోంది. పిగ్మెంటేషన్ 78 శాతం అట. చర్మం వయసు 53 అట. నాకు 41. కళ్ళ కింద గుంటలు, మూతి పక్కన గీతలు, గడ్డం కింద కొవ్వు. నేను అడగనివన్నీ, గేదెల సంతలో పళ్ళు లెక్కపెట్టినట్టు.

నేను పదిహేనేళ్ళుగా ఆడిట్ పని చేస్తున్నాను. అంకె కనపడితే ఊరుకోలేను. "దేంట్లో 78 శాతం అమ్మా?" అన్నాను. "మిషన్ అలా చూపిస్తుందక్కా" అంది.

అప్పుడు మా ఆయన వైపు తిరిగింది. "సార్, మీరే చెప్పండి, అక్క పెళ్ళప్పటిలా ఉంటే మీకు బాగుండదా?" పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మొహం గురించి ఒక్క మాట అనని మనిషి, నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. అవునంటే నాకు బాధ, కాదంటే ఆ పిల్ల "సార్‌కి ఖర్చు భయం" అంటుంది. బయట సోఫాలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు దేనికో నాకు తెలీదు గానీ నా చెవులు మాత్రం కాలిపోయాయి. ఇది రాస్తుంటే కూడా కాలుతున్నాయి.

ప్యాకేజీ ఏమిటయ్యా అంటే, లేజర్ ఎనిమిది సిట్టింగులు, కెమికల్ పీల్ (మందు రాసి చర్మం పైపొర ఊడదీయడం), పైన "గ్లో కోసం" గ్లూటాథయాన్ డ్రిప్పు. లక్షా ఇరవై వేలు. ఈ రోజే కడితే 85,000, జీఎస్టీ 18 శాతం అదనం. డబ్బు గురించి ఆలోచించేలోపే "ఈఎంఐ ఉందక్కా, పాన్ నంబరు చెప్పండి, ఒక ఓటీపీ వస్తుంది" అని నా ఫోన్ నంబరు కొట్టేసింది. ఓటీపీ వచ్చింది. మెసేజీ చదివితే అది ఏదో ఫైనాన్స్ కంపెనీ నుంచి, నా పేరు మీద అప్పు మంజూరుకి. ఇంకా డాక్టరు మొహం చూడలేదు, అప్పు మాత్రం తయారు! ఆ ఓటీపీ నేను చెప్పలేదు.

"డాక్టరు గారు ఎవరు?" అని అడిగాను. సిట్టింగు రోజు వస్తారంది. పేరు? చీఫ్ కాస్మెటాలజిస్ట్ మేడమ్. పేరమ్మా, పేరు. అప్పుడా పిల్ల లేచి వెళ్ళిపోయింది. మేనేజరు వచ్చాడు.

"ఏం మేడమ్, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కావాలన్నాను. అది కాన్ఫిడెన్షియల్ అన్నాడు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు రహస్యమట! మందుల చీటీ మీద అచ్చేయాల్సిన నంబరు అది. మరి లేజర్ యంత్రం పట్టుకునేది ఎవరని అడిగితే "ట్రెయిన్డ్ థెరపిస్టులు, పది వేల సిట్టింగులు చేశారు" అన్నాడు. ఇంతలో సంతకం పెట్టమని ఒక కాగితం తెచ్చారు. "ఫలితం మనిషిని బట్టి ఉంటుంది, కట్టిన డబ్బు వాపసు లేదు, కాలిన గాయాలకు క్లినిక్ బాధ్యత లేదు" అని సన్న అక్షరాల్లో. నేను చదువుతుంటే మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. లేచి వచ్చేస్తుంటే "స్కిన్ అనాలిసిస్" కింద 999 కట్టించుకున్నారు. ఉచితం కన్సల్టేషన్ మాత్రమేనట, యంత్రం కాదట. బిల్లు చూస్తే జీఎస్టీ నంబరే లేదు.

బయటికొచ్చేటప్పుడు వాళ్ళ కార్డు ఒకటి తెచ్చుకున్నాను. దాని మీద డాక్టరు పేరుంది, పక్కన "ఫెలోషిప్ ఇన్ ఏస్తటిక్స్" అని ఉంది, అసలు డిగ్రీ మాత్రం లేదు. ఇంటికొచ్చి నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూశాను, లేదు. డెంటల్ కౌన్సిల్ జాబితాలో దొరికింది. బీడీఎస్. మా చెల్లెలూ బీడీఎస్సే, దానికి ఫోన్ చేసి చెప్తే "అక్కా, పళ్ళైతే నేను చూస్తా, నీ బుగ్గల మీద లేజర్ మాత్రం నా చేత పెట్టించుకోకు" అంది. కమిషన్ రిజిస్టరులో కొందరి పీజీ డిగ్రీ నమోదై ఉండదు, అది చూసి కంగారు పడొద్దు. కర్ణాటక మెడికల్ కౌన్సిల్లో కనుక్కోవచ్చు. ఎంబీబీఎస్ పేరే లేకపోతే మాత్రం ఆ మెట్లు దిగేయండి.

చర్మానికైతే డాక్టరు పేరు పక్కన చూడాల్సిన డిగ్రీ ఎండీ డీవీఎల్, లేదా డీడీవీఎల్, లేదా డీఎన్‌బీ డెర్మటాలజీ. ఆపరేషన్లకైతే ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, ఆ పైన ఐసీయూ ఉందా, మత్తు డాక్టరు ఎవరు అని కూడా అడగాలి. 2022 మేలో ఇదే బెంగళూరులో ఒక కన్నడ సీరియల్ నటి, 21 ఏళ్ళ పిల్ల, కొవ్వు తీయించుకునే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. మా అమ్మ అయితే నేను క్లినిక్కు అనగానే ఫోన్లో ఆర్తి అగర్వాల్ పేరెత్తి ఏడుపు లంకించుకుంది. నాది మంగు మచ్చమ్మా అంటే వినదు.

ఇంకో మాట. కర్ణాటకలో ప్రైవేటు వైద్యశాల ఏదైనా 2007 నాటి కేపీఎంఈ చట్టం కింద రిజిస్టరు అవ్వాలి, ఆ సర్టిఫికెట్ కనపడేలా పెట్టాలి. నేను వెళ్ళిన చోట గోడ మీద సినిమా నటి ఫొటో ఉంది, సర్టిఫికెట్ లేదు. ఇక రేటింగుల సంగతి. రిసెప్షన్లో నా ముందున్నామెని సిట్టింగుకి వెళ్ళకముందే "మేడమ్, ఐదు చుక్కలు కొట్టండి, పది శాతం తగ్గిస్తాం" అంటుంటే నా చెవులతో విన్నాను.

చివరికి మా చిన్నోడిని చూసే పిల్లల డాక్టరు చెప్పిన చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మెడికల్ కాలేజీలో పాఠం చెప్తుంది, సాయంత్రాలు జయనగర్లో ఒక చిన్న గదిలో చూస్తుంది. తలుపు మూసింది, మొదట సంతోషపెట్టిన సంగతి అదే. లైటు ఆర్పి వుడ్స్ ల్యాంపుతో (మచ్చల్ని స్పష్టంగా చూపే ఊదారంగు దీపం) చూసింది. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నారా, థైరాయిడ్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. మా నాన్నకి కాలి నరంలో గడ్డ కట్టింది అనగానే, అయితే మంగుకి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్ర మీకు రాయను, దాంతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది అంది. ఆ మదనపల్లె పిల్ల నా మొహంలో ఇన్ని లోపాలు లెక్కపెట్టింది గానీ ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

లేజర్ ఇప్పుడు వద్దంది. మన చామనఛాయ చర్మం మీద వేడి తగిలితే మచ్చ ఇంకా నల్లబడొచ్చట, ఎప్పుడైనా చేయాలన్నా ముందు చిన్న చోట పరీక్షించి చూడాలట. రంగు తేలడానికని గ్లూటాథయాన్ ఎక్కించడానికి మన దేశంలో అనుమతే లేదంది. మా పక్కింటామె మెడికల్ షాపులో కొనుక్కుని రాసుకునే ట్యూబు పేరు చెప్తే తల పట్టుకుంది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, 2018 నుంచి అలాంటివి చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం, అమ్ముతూనే ఉన్నారు అంది. నాకు రాసింది ఒక క్రీము, ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. మామూలు సన్‌స్క్రీన్ కంటికి కనిపించే వెలుతురుని ఆపదట, మంగుకి అది కూడా ఆపాలట. రెండు వేళ్ళ పొడుగునా పిండి రాయాలి, మధ్యాహ్నం మళ్ళీ. "పూర్తిగా పోవు, పలచబడతాయి, ఎండలో తిరిగితే మళ్ళీ వస్తాయి" అని మొహం మీదే చెప్పింది. ఫీజు 600, రసీదు ఇచ్చింది.

ఆ 999 సంగతి మాత్రం వదల్లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, జీఎస్టీ నంబరు లేని బిల్లు ఫొటోతో సహా. నిన్న ఆ మేనేజరే ఫోన్ చేసి, డబ్బు వాపసు కుదరదు గానీ దాని బదులు ఒక ఫేషియల్ ఉచితంగా చేస్తాం అన్నాడు. వద్దు, డబ్బే కావాలన్నాను.